క్యాచప్‌కు నానేసిన గింజలు

ఇంగ్లిష్‌లో ఒక మాట ఉంది. ఆ మాటను నమ్మి నేను మూడుసార్లు అనపగింజలు నానబెట్టాను.

నా పేరు పుష్పావతి. వయసు యాభై ఆరు. కె.ఆర్.పురం సర్కారీ బడిలో పదో తరగతి దాకా చదివాను కాబట్టి నాకు ఇంగ్లిష్ రాదని ఎవరూ అనుకోవద్దు. బస్సు బోర్డులు, మందు సీసాలు, కరెంటు బిల్లు, పెళ్ళిపత్రికలు అన్నీ చదువుతాను. నాకు తెలియనిదల్లా ఒకటే. ఆ భాషలో మాట ఇచ్చినట్టు వినిపించేవన్నీ మాట ఇవ్వడం కాదట.

ఆ మాట క్యాచప్. మా అమ్మాయి సహన దాన్ని విడదీసి "క్యాచ్ అప్" అనాలంటుంది. అనేటప్పుడు మాత్రం తనూ కలిపే అంటుంది. మహదేవపురలో మా ఇంటి చుట్టూ టెక్ పార్కులే. అక్కడ లిఫ్టు దగ్గర, కాఫీ మిషను దగ్గర, క్యాబ్ ఎక్కుతూ, దిగుతూ ఎవరో ఒకరు ఎవరితోనో "క్యాచప్ అవుదాం" అంటూనే ఉంటారు. అన్నవాళ్ళు అటు పోతారు, విన్నవాళ్ళు ఇటు పోతారు. ఎవరూ ఎవరి కోసమూ ఏమీ వండరు.

మా సంగతి అలా కాదు. మేం నాలుగు తరాలుగా బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పోట్లాడేటప్పుడు రెండూ. జనవరిలో ఎవరైనా ఇంటికి వస్తామంటే ముందు రోజు సాయంత్రమే అనపగింజలు నానబెట్టేస్తాం. మరునాడు పొద్దున నలుగురూ కింద కూర్చుని ఒక్కొక్క గింజనే వేళ్ళతో పితికి, తోలు తీసి, పప్పు వేరు చేస్తాం. దాంతో చేసిన పితికిపప్పు కూరలో వేడి రాగిముద్ద అద్దుకుని తినాలి. ఒక్క మనిషి కూర్చుని కిలో గింజలు పితకాలంటే గంటన్నర పడుతుంది, వేళ్ళు ముడతలు పడతాయి. పితకడం రేపటికి వాయిదా వేద్దామంటే కుదరదు. ఒక పూట ఆలస్యమైతే గింజలు వాసన వస్తాయి. అందుకే మా ఇళ్ళలో గింజలు నానేశారంటే ఆ మనిషి వస్తున్నట్టే లెక్క.

నేను మూడుసార్లు నానేసింది ఫాతిమా కోసం.

ఫాతిమాది రాయచోటి. సహన ఆఫీసులోనే పనిచేసేది, మా మేడ మీది గదిలో మూడేళ్ళు అద్దెకుంది. వచ్చిన కొత్తలో అందరిలాగే నన్ను ఆంటీ అనేది. మొదటి జనవరిలో ఒక ఆదివారం తనూ వచ్చి మాతో గింజలు పితకడానికి కూర్చుంది. గట్టిగా నొక్కితే ఒక గింజ ఎగిరి మా ఆయన కాఫీ లోటాలో పడింది. మా ఆయన జయరామప్ప ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. గింజను చూశాడు, ఫాతిమాను చూశాడు, గింజతో సహా కాఫీ తాగేశాడు. ఆ పిల్ల నవ్వి నవ్వి నా ఒళ్ళో పడి "చూడండి చిన్నమ్మా" అంది. అప్పటి నుంచి చిన్నమ్మే. నాకు అక్కలు లేరు, మా ఆయనకు అన్నలు లేరు. కాబట్టి ఆ పిలుపుతో నన్ను పిలిచేవాళ్ళు అంతవరకూ లేరు. నాకది ఎంత నచ్చిందో నేనెవరికీ చెప్పలేదు.

తర్వాత ఆమెకు వేరే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. బెళ్ళందూరుకు మారింది. మా ఇంటి నుంచి తొమ్మిది కిలోమీటర్లు, ఒకే రింగు రోడ్డు. వెళ్ళిన నెలకు, జనవరిలో, ఫోన్ చేసి "చిన్నమ్మా, ఈ ఆదివారం క్యాచప్ అవుదాం" అంది.

నేను రెండు కిలోల గింజలు నానేశాను.

పది గంటలకు రాలేదు. పన్నెండుకు రాలేదు. మూడు గంటలకు సహన ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆఫీసులో ఇరుక్కుందట, సారీ అట, వచ్చే వారం క్యాచప్ అవుదామట. నా ముందు రెండు కిలోల గింజలు నీళ్ళలో ఉబ్బి కూర్చున్నాయి. కోపంతో ఒక్కదాన్నే పితకడం మొదలుపెట్టాను. నేను కోపంలో బాగా మాట్లాడతానని మా వీధిలో పేరు. సహన ఎదురుగా కూర్చుని, నాకు చెప్పకుండా ఫోన్‌లో వీడియో తీసింది. అందులో నేను గింజ పితుకుతూ ఇలా అంటాను: "మూడేండ్లు నా చేతి ముద్ద మింగిన పిల్ల, ఇప్పుడు తొమ్మిది కిలోమీటర్లు రాలేకపోయిందంట. మింగేదానికి మాత్రం మెట్లు దిగి బిరీన వస్తాండె."

సహన పడీపడీ నవ్వి దాన్ని తమ ఆఫీసు వాళ్ళ పాత గ్రూపులో పెట్టింది. నలభై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. పక్కింటి సత్యభామ తన ఇంటికి వచ్చినవాళ్ళకల్లా చూపించింది. కూరగాయల బండి ఓబళప్ప కూడా "ఏమక్కా, క్యాచప్ పప్పు అయిపోయెనా" అని అడిగేవాడు. మా ఇంట్లో ఆ కూరకు ఆ పేరే స్థిరపడింది. నిజం చెప్పాలంటే నాకు గర్వంగానే ఉండింది. నలభై మందిని నవ్వించడం ఊరికే వస్తుందా?

ఆ వారం ఫాతిమా రాలేదు. ఆ సంవత్సరమంతా రాలేదు.

మరుసటి జనవరిలో సహనకు కె.ఆర్.పురం మెట్రో స్టేషన్లో కనిపించిందట. ఈ ఆదివారం క్యాచప్ పక్కా అందట. పక్కా అనే మాట చేరింది కాబట్టి నేను మళ్ళీ నానేశాను. ఈసారి ముందుజాగ్రత్తగా ఒకటే కిలో. ఆ కిలో కూడా నేనూ మా ఆయనే తిన్నాం.

ఆ రోజు సహన నాకు పాఠం చెప్పింది. నేను పితుకుతున్నాను, తను చెబుతోంది, మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని వింటున్నాడు.

"అమ్మా, ఆ మాటకి చానా అర్థాలు ఉండాయి. ముందర పోతాండే బస్సును ఉరికి పట్టుకుంటే అది క్యాచప్. జ్వరమొచ్చి నాలుగు రోజులు బడికి పోలేదనుకో, పోయిన పాఠాలన్నీ ఒకే రోజు కూర్చోని రాసుకుంటే అదీ క్యాచప్. చానా దినాలకి ఇద్దరు కలిసి, నీకేమాయె నాకేమాయె అని చెప్పుకుంటే అదీ క్యాచప్."

"ఆ మూడోదే కదా నేను అడిగేది. ఆ పిల్ల చెప్పింది అదే కదా."

"కాదమ్మా. నాలుగోది ఉండాది, అది ఏ బుక్కులోనూ రాయరు. విడిపోయేటప్పుడు సుమ్మనే, ఊరికే అనేది. టాటా అన్నట్ల. దానికి డేటు, టైము ఉండదు. డేటు, టైము చెప్తేనే నిజం."

"ఆదివారం అంది కదా."

"ఆదివారం డేటు కాదమ్మా. ఆదివారాలు చానా వస్తాయి."

"మరి మీ మేనేజర్ దగ్గర కూడా ఇట్లనే అంటారా?"

"ఫ్రెండ్స్‌తో అనేది వేరే. లీవ్ లెటర్లో రాస్తే బాగుండదు. అది లుంగీ కట్టుకున్న మాట, పంచె కట్టుకున్న మాట కాదు."

మా ఆయన పేపరు కొంచెం దించి తన లుంగీ వైపు చూసుకున్నాడు. మళ్ళీ పేపరు ఎత్తాడు.

లోకం నడిచే తీరు ఇదైతే నేను మాత్రం ఎందుకు వెనకబడాలని నేనూ ఆ మాట వాడడం మొదలుపెట్టాను. చీటీ పాటకు పిలిచిన సత్యభామకు "క్యాచప్ అవుదాంలే" అన్నాను. వాటర్ ఫిల్టర్ అమ్మడానికి వచ్చినతనికి అదే చెప్పి గేటు వేశాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కాదనే పని లేదు, అవుననే పని లేదు. వాళ్ళు నవ్వుకుంటూ పోతారు, మనం తలుపు వేసుకుంటాం. ఇంత సుఖమైన మాటను ఇన్నేళ్ళు మనవాళ్ళు ఎందుకు కనిపెట్టలేదా అనుకున్నాను.

ఆ ఊపులోనే ఒక గురువారం మా ఆయన అక్క, హొసకోటెలో ఉండే పుల్లమ్మ వదినతో ఫోన్‌లో మాట్లాడి, పెట్టేసేముందు "సరే వదినా, ఆదివారం క్యాచప్ అవుదాం" అన్నాను.

ఆదివారం పది గంటలకు గేటు చప్పుడైంది. పుల్లమ్మ వదిన, ఆమె భర్త మునినారాయణప్ప, కోడలు, ఇద్దరు మనవరాళ్ళు. చేతిలో అరటిపళ్ళు, పూలు. వదిన నేరుగా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వైపు చూసింది.

"ఏమే పుష్పా, పిలిచి పొయ్యి కూడా ముట్టించలేదే?"

"నేనెప్పుడు పిలిస్తిని వదినా?"

"ఫోన్లో అంటివి కదా ఆదివారం ఏమో అవుదామని. అంటే ఏమని కోడల్ని అడిగితిని. కలుసుకోని మాట్లాడుకునేదంట. మన పుష్ప పిలిచింది, పోకుంటే బాగుండదని అందరం వస్తిమి."

గబగబా అన్నం వండి నిమ్మకాయలు పిండాను. ఎనిమిది మందికి చిత్రాన్నం కలిపాను. వదిన రెండుసార్లు పెట్టించుకుని తిని, "బాగుండాది. పిలిచి చిత్రాన్నం పెట్టిందని ఊర్లో చెప్తాలే" అంది. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర "పోయొస్తాం" అంది. అన్న మాట ప్రకారం నిజంగా వచ్చే మనిషి కాబట్టి నాకు గుండె ఝల్లుమంది.

వాళ్ళు వెళ్ళాక నేను ఇంగ్లిష్ భాషను తిట్టుకుంటూ గిన్నెలు కడుగుతున్నాను. మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంగ్లిష్ వాళ్ళను యాల తిడతావు? మనమేం తక్కువా?"

"మనమేం చేస్తిమి?"

"ఎవరింటికి పోయినా వచ్చేటప్పుడు పోయొస్తాం అంటాం కదా. అన్నిచోట్లకీ మళ్ళా పోయినామా?"

"అది వేరే, ఇది వేరే."

"ఏం వేరే?"

నేను గిన్నె గట్టిగా తోమాను. ఏం వేరో నాకు తట్టలేదు. ఆయన కొంచెంసేపు చూసి, జవాబు రాదని తెలిసి, తృప్తిగా వెళ్ళిపోయాడు. నగర్తపేటలో ముప్పై ఏళ్ళుగా లేసులు, బొత్తాలు అమ్ముతున్న మనిషి. ఎక్కడ ఆపాలో ఆయనకు బాగా తెలుసు.

ఇక ఈ జనవరి. ఒక సోమవారం సహన ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే "ఫాతిమాకి పూనాకి ట్రాన్స్‌ఫర్ అయిందంట. వచ్చే సోమవారం పోతాండాది. నీకు వాయిస్ మెసేజ్ పెట్టింది" అని ఫోన్ నా చెవికి పెట్టింది.

"ఆంటీ, బాగుండారా? నేను పూనా పోతాండా. పోయేలోగా తప్పకుండా క్యాచప్ అవుదాం ఆంటీ."

గొంతు అదే. నవ్వు కూడా అదే. కానీ ఆంటీ అంది, అదీ రెండుసార్లు. నేను మళ్ళీ వేయించుకుని విన్నాను. రెండుసార్లే.

"సహనా, ఆ పిల్ల నన్ను ఆంటీ అంటాండేది యాల?"

"సుమ్మనే అమ్మా. అందరూ అనేదే కదా."

"అందరూ అనేదే. ఆ పిల్ల అనేది కాదు."

సహన ఫోన్ బ్యాగులో వేసుకుంది. కాసేపటికి "అమ్మా, ఈసారి నానేయొద్దు. అది నాలుగోదే" అంది.

నాలుగోదే అయ్యుంటుంది. నాకూ తెలుసు. అయినా శనివారం మార్కెట్లో కాయలు చూసేసరికి చెయ్యి ఆగలేదు. సువాసన వీధి చివరిదాకా వస్తోంది. కొన్నాను, ఒలిచాను, కిలో గింజలు నీళ్ళలో వేశాను. నేను నానేసేటప్పుడు మా ఆయన చూశాడు, సహన చూసింది, ఇద్దరూ నోరు మెదపలేదు. వాళ్ళు ఎగతాళి చేసి ఉంటే బాగుండేది. జాలిపడి ఊరుకున్నారు.

ఆదివారం తొమ్మిదింటి నుంచి గేటు కనబడేట్టు ముందు గదిలో కూర్చున్నాను. పదకొండయ్యింది. సహన లోపల లాప్‌టాప్ ముందు ఏదో డ్యూటీలో ఉంది. గేటు దగ్గర ఓబళప్ప బండి వచ్చిపోయింది, ఇంకెవరూ రాలేదు. నాకు కోపం వస్తుందని చూశాను. రాలేదు. ఏడుపు వచ్చింది. రేపు ఆ పిల్ల పూనా పోతుంది. నన్ను చిన్నమ్మా అని పిలిచిన ఒకే ఒక్క నోరు, ఆంటీ అని చెప్పి పోతుంది. అంతే, ఇక అయిపోయింది.

లేచి, గింజలు వడకట్టి, మూత ఉన్న పెద్ద స్టీలు డబ్బాలో పోశాను. సహన గదిలోకి వెళ్ళి అడ్రసు అడిగాను.

"ఫోన్ చేసి పో అమ్మా."

"ఫోన్ చేస్తే మళ్ళా అదే మాట చెప్తాది."

సహన నా మొహం చూసి ఆటో బుక్ చేసింది. గేటు దాకా వచ్చి "అమ్మా, ఆ వీడియో..." అని ఆగిపోయింది. ఆటో వచ్చింది, నేను ఎక్కేశాను.

ఆదివారం కదా, రింగు రోడ్డు ఖాళీగా ఉంది. మెట్రో స్తంభాల పక్కనే ఆటో సాగిపోయింది. ఇరవై ఐదు నిమిషాల్లో బెళ్ళందూరు వచ్చేసింది. ఇంతేనా దూరం అనుకున్నాను. ఈ తొమ్మిది కిలోమీటర్ల గురించి రెండేళ్ళుగా వీధంతా చెప్పుకున్నాను. నేను మాత్రం ఒక్కసారైనా వచ్చానా? ఆ పిల్ల రావాలనే చూశాను కానీ, నేను రావచ్చని నాకే తట్టలేదు. బస్సు వెనక ఉరకాల్సింది వెనకబడ్డవాళ్ళు కదా. వెనకబడింది నేనేనేమో.

అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలా అతను ఆపాడు. అతనిది హిందీ. నా హిందీ మా ఆయన అంగడికి వచ్చే మార్వాడీలతో మాట్లాడి నేర్చుకున్న హిందీ. ఏ ఫ్లాటు అన్నాడు, చెప్పాను. మీరొస్తున్నట్టు వాళ్ళు నా ఫోనుకు కబురు పెట్టలేదు, ఎవరని చెప్పాలి అన్నాడు. పుష్పావతి అనబోయి ఆగి, "చిన్నమ్మ ఆయా బోలో" అన్నాను. అతను ఇంటర్‌కామ్‌లో "మేడమ్, కోయీ చిన్నమ్మా ఆయీ హై" అన్నాడు. అటు నుంచి ఏమీ వినిపించలేదట. ఫోను పట్టుకుని నా వైపు అనుమానంగా చూశాడు.  లేరని చెప్పించేస్తుందేమో, డబ్బా పట్టుకుని తిరిగి పోవాలేమో అనుకున్నాను.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఫాతిమా చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. కొంచెం చిక్కింది. నా ముందుకొచ్చి ఆగి, నన్ను చూసి, డబ్బా వైపు చూసింది.

"గింజలా?"

"నిన్న సాయంత్రం నానేసినా. ఇంకా ఆలస్యమైతే వాసనొస్తాయి. పద."

ఇల్లంతా అట్టపెట్టెలే. కూర్చోడానికి కుర్చీ కూడా లేదు. ఒక పెట్టె మూత తీసి నేల మీద పరిచాం, అదే పళ్ళెం. ఎదురెదురుగా కూర్చుని పితకడం మొదలుపెట్టాం. పూనాలో ఇల్లు దొరికిందా, దొరికింది. అమ్మ మోకాళ్ళు ఎట్లుండాయి, ఫరవాలేదు. ఇలాంటివి అయిదు నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత గింజల చప్పుడే.

"నేను ఆ వీడియో చూసినా" అంది ఫాతిమా, తల ఎత్తకుండా.

నా వేళ్ళు ఆగిపోయాయి.

"ఆ రోజు రాకపోయింది నా తప్పే. నిజంగానే ఆఫీసులో పనొచ్చె. మరుసటి వారం వచ్చి మీ కాళ్ళు పట్టుకుందామనుకుంటి. సాయంత్రానికి గ్రూపులో ఆ వీడియో వచ్చె. ఆ గ్రూపులో నేనూ ఉండా కదా. అందరూ నవ్విరి. నేనూ ఒక నవ్వు బొమ్మ పెడితి." కొంచెంసేపు పితికింది. "మూడేండ్లు తిన్నది నిజమే. కానీ మీరు దాన్ని ఎత్తుతారని అనుకోలేదు."

మా వాళ్ళలో ఎంత పోట్లాడుకున్నా ఒక్క మాట నోట రానివ్వరు. పెట్టిన అన్నం ఎత్తి చూపరు. మా అత్త బతికున్నన్నాళ్ళూ నన్ను ఎన్ని మాటలన్నా ఆ మాట అనలేదు. అని ఉంటే నేను ఆ ఇంట్లో మళ్ళీ చెయ్యి కడిగేదాన్ని కాదు. అలాంటి మాట నేను నవ్వుతూ అని, నలభై మందికి వినిపించుకుని, గర్వపడి, రెండేళ్ళు ఇంగ్లిష్ మాటను ఆడిపోసుకున్నాను. ఆ ఇంగ్లిష్ మాట ఏ పాపమూ ఎరగదు. సిగ్గుతో నాకు తల వంగిపోయింది.

"పోయిన జనవరిలో, సహనకు చెప్పిన ఆదివారమే, మీ వీధి దాకా వచ్చినా" అంది ఫాతిమా. "మందుల అంగడి దగ్గర నిలబడితి. మీరు గేటు దగ్గర సత్యభామక్కతో మాట్లాడతా నవ్వుతాండ్రి. నా గురించే అనుకోని తిరిగి పోతి."

అది రెండోసారి నానేసిన ఆదివారం. ఇంకెవరి గురించో అని చెప్పొచ్చు. నా నోటికి ఆ అబద్ధం రాలేదు.

"నీ గురించే అయ్యుంటాది" అన్నాను.

ఆ పిల్లకు నవ్వొచ్చింది. ఆపుకుంది.

"తప్పయిపోయింది ఫాతిమా. తమాషాకి అన్నా అని చెప్పను. నువ్వు రాలేదని ఏడుపొచ్చె. ఏడిస్తే సహన నవ్వుతాదని, నేనే నవ్విస్తి. నా నోరు అంతే. నా అన్నం నువ్వు తిన్నది కాదు, నువ్వొచ్చి తింటే నేను తిన్నట్లుండె. అది చెప్పేది రాక ఇంకోటి చెప్పినా."

ఫాతిమా చేతిలో ఉన్న గింజను గట్టిగా నొక్కింది, మరీ గట్టిగా. పప్పు ఎగిరి వచ్చి నా కళ్ళద్దాలకు తగిలింది.

"అయ్యో, చిన్నమ్మా, కంట్లో పడెనా?"

పడలేదు. అద్దానికి తగిలి ఒళ్ళో పడింది. "పడింది" అన్నాను. కళ్ళద్దాలు తీసి, పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

గింజలన్నీ అయ్యాక తెలిసింది, పొయ్యి నిన్ననే పెట్టెలో పెట్టేసిందట. గిన్నెలు కూడా పెట్టెలోనే. పితికిన పప్పు మళ్ళీ డబ్బాలో పోసి, ఇద్దరం ఆటోలో మహదేవపుర వచ్చాం. గేటు దగ్గరే సహన ఫాతిమాను పట్టుకుని, వీడియో పెట్టింది తనే కదా అని ఏడ్చింది. తన బుర్రకు కూడా ఇవాళ పొద్దునే తట్టిందట. అర్థాలు నాలుగు చెప్పిన పిల్లకు, ఆ గ్రూపులో ఎవరెవరున్నారో చూసుకోవడం రాలేదు.  ఆ రోజుకి నా నోటికి సెలవిచ్చాను.

ముద్ద కెలికాను. నలుగురం కూర్చున్నాం. మా ఆయన కాఫీ లోటా తెచ్చుకుని ఫాతిమా ఎదురుగా పెట్టుకుని, దాని మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ పిల్ల నవ్వి నవ్వి నా భుజం మీద వాలింది. నేను ఎన్ని ముద్దలు పెట్టానో, ఎన్ని తిందో చెప్పను. ఆ సంగతి ఇక ఎవరికీ చెప్పను.

వెళ్ళేటప్పుడు ఎండబెట్టిన అనపగింజలు ఒక సంచిలో పోసిచ్చాను. ఎండు గింజలకు సీజను లేదు, ఎప్పుడు నానేసినా ఉబ్బుతాయి. ఫాతిమా సంచి పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. "చిన్నమ్మా, మళ్ళీ క్యా..." అని నాలుక కరుచుకుంది.

"పోయొస్తా చిన్నమ్మా" అంది.

వెనక మా ఆయన ఉన్నాడు. ఏం వేరే అని అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. నేనూ ఎప్పుడని అడగలేదు. పోయిరా అన్నాను. ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి లోపలికి వచ్చాను.

ఫిబ్రవరి అంతా ఏ కబురూ లేదు. సత్యభామ రెండుసార్లు అడిగింది, క్యాచప్ పిల్ల ఫోన్ చేసెనా అని. ఆ పేరుతో పిలవొద్దని చెప్పాను. కొంచెం ముఖం మాడ్చుకుంది.

మార్చిలో ఒక శనివారం సాయంత్రం నా ఫోనుకే ఒక ఫోటో వచ్చింది. గిన్నె, గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో గింజలు. కింద తెలుగులో రెండే ముక్కలు రాసి ఉన్నాయి: "నానేసినా చిన్నమ్మా. రేపు పదికి వీడియో కాల్."

నేను లేచి స్టూలు వేసుకుని గింజల డబ్బా దించాను. చప్పుడు విని మా ఆయన తొంగి చూశాడు.

"ఏం, మళ్ళా క్యాచప్పా?"

"కాదు" అన్నాను, గింజల మీద నీళ్ళు పోస్తూ. "నానేసింది."